ఎక్కిళ్ళకు మందు

నాకు పుట్టుకతోనే అనుమానం ఎక్కువ. లక్సెట్టిపేట నుంచి మెట్‌పల్లికి కోడలిగా వచ్చిన కొత్తలో, అత్త నవ్వినా ఎందుకు నవ్విందోనని ఆలోచించేదాన్ని.

ఎనభైల్లో మా ఆయన దుబాయిలో ఉండేవాడు. ఉత్తరాలకు బదులు మాటలు నింపిన క్యాసెట్లు పంపేవాడు. సగం వాళ్ళ అవ్వకు, అంటే మా అత్తకు, సగం నాకు. అత్త రోజూ సాయంత్రం పక్కింటామెను పిలిచి, టేపురికార్డరు పెట్టి, నా వంతు కూడా వినిపించేది. ఆ మాటలకు నా మొహం ఎలా మారుతుందో చూడటానికే పెడుతోందని నా అనుమానం. ఒళ్ళు మండి ఒకరోజు క్యాసెట్ తీసి నా రవికెల మడతల్లో దాచాను.

అత్త ఇల్లంతా వెతికి, చివరికి పక్కింటామె మీద పడింది. ఇరవై ఏళ్ళుగా ఒక్కచోట కూర్చుని బీడీలు చుట్టిన ఇద్దరు!

"నీ కొడుకు క్యాసెట్ నేనేం జేసుకుంట?" అని ఆమె లేచి వెళ్ళిపోయింది. మళ్ళీ గడప తొక్కలేదు.

అత్త ఒక్కతే చుట్టేది. అవే వేళ్ళు, అదే ఆకు, బీడీలు మాత్రం సగం కూడా అయ్యేవి కావు. అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికేది. డాక్టరు చూసి ఏ రోగమూ లేదన్నాడు. పక్కన మాట్లాడే మనిషి లేకపోతే ఆకలి కూడా చచ్చిపోతుందని నాకప్పుడు తెలియదు. నన్ను పట్టుకోవడానికి వేషాలేస్తోంది అనుకున్నాను. నోరు విప్పలేదు.

వారం తర్వాత అన్నం తింటుంటే నాకు ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. నీళ్ళు తాగినా తగ్గలేదు. అత్త ఉన్నట్టుండి గద్దించింది.

"ఏమే, ఏం దొంగతనం చేసినవ్? నిజం చెప్పు!"

ఎక్కిళ్ళొచ్చినవాళ్ళకు ఇలా దొంగతనం అంటగట్టి అదిరిపడేలా చేయడం మా ఇళ్ళలో మందు. చిన్నప్పుడు మా అవ్వ నా మీద ఎన్ని మోపిందో. ఆ క్షణంలో అదేమీ గుర్తు రాలేదు.

"క్యాసెట్ నేనే తీసిన అత్తమ్మా," అనేశాను.

ఎక్కిళ్ళు ఆగిపోయాయి. అత్త ముద్ద పళ్ళెంలో పెట్టేసింది.

"ఎక్కిళ్ళు బందైతయని ఉత్తగనే అడిగిన బిడ్డా," అంది మెల్లగా. పళ్ళెం పక్కకు జరిపి మళ్ళీ అంది: "కొడుకు గొంతు ఇనకుంటెనన్న బతుకుత గని, పక్కింటి దానితోని మాట లేకుంటె నాకు బువ్వ దిగుతలేదే."

సిగ్గుతో చచ్చిపోయాను. క్యాసెట్ తెచ్చిచ్చాను. అత్త చేయి కడుక్కుని, దాన్ని పట్టుకుని పక్కింటికి నడిచింది. ఇక వీధంతా చాటి నన్ను దొంగను చేస్తుందని, గోడకు చెవి ఆనించి నిలబడ్డాను.

"నేనే యాది మరిచి నా పెట్టెల పెట్టుకున్న," అంటోంది అత్త. "తిడితె తిట్టు గని, జర మాట్లాడే."