సైలెన్సర్ లేని బండి

పెట్రోలు బండ్లు బాగుచేసే మెకానిక్‌ను కట్టుకుని, కరెంటు బండి కొన్న ఆడదాన్ని పుంగనూరులో అప్పట్లో నేనొక్కదాన్నే అయి ఉంటాను. ఇప్పుడైతే వీధివీధికీ అవే తిరుగుతున్నాయి, ఎవరూ తలెత్తి చూడరు. రెండు వేల సంవత్సరం దాటాక, ఆ దశాబ్దం చివర్లో నేను కొన్నప్పుడు మాత్రం మా వీధి వీధంతా వాకిళ్లలోకి వచ్చి చూసింది. లేచి రానివాడు ఒక్క మా ఆయనే. షాపులో ఎవరిదో కార్బొరేటర్ ముందేసుకుని తల దించుకుని కూర్చున్నాడు.

మాకు ముందు షాపు, వెనక ఇల్లు. తొంభైలలో నేను పెళ్లయి వచ్చిన కొత్తలోనే ఒక సంగతి అర్థమైంది. మా ఆయనకు బండ్లు కనిపించనక్కర్లేదు, వినిపిస్తే చాలు. లోపల అన్నం తింటూ, వీధి మొదట్లో శబ్దం వినగానే "పెద్దపంజాణి అన్న వస్తాండాడు, చైను లూజుగా ఉండాది" అనేవాడు. చేయి కడుక్కుని బయటికి పోయేసరికి ఆ మనిషే దిగేవాడు. నాకు ముచ్చటగానూ ఉండేది, ఒళ్లూ మండేది. ఊళ్లో ప్రతి బండి దగ్గునూ తుమ్మునూ పసిగట్టే మనిషికి, పక్కన నిలబడి నేను చెప్పే మాట మాత్రం చెవికెక్కేది కాదు.

నేను చెప్పే మాట ఒక్కటే. పొద్దున్నే నన్ను టైముకు బడి దగ్గర దించు. రామసముద్రం పోయే దారిలో ఒక పల్లెలో విద్యా వాలంటీరుగా పనిచేసేదాన్ని. పర్మనెంటు ఉద్యోగం కాదు, ఏటా బడి కమిటీ ఒప్పుకుంటేనే మళ్లీ పని. మొదటి బస్సు మరీ తెల్లారగట్ల పోయేది, రెండోది బడి గంట కొట్టాక చేరేది. అందుకని మా ఆయన బండే నాకు దిక్కు. నేను బ్యాగు తగిలించుకుని వాకిట్లో నిలబడితే, సరిగ్గా అప్పుడే ఎవరో ఒకరు ఆగిపోయిన బండిని తోసుకుంటూ వచ్చేవాళ్లు. "ఒక్క నిమిసమే, ప్లగ్గు సూసి వస్తా" అనేవాడు. ఆయన ఒక్క నిమిషంలో నేను ఇంకో పూటకు వంట చేసిపెట్టొచ్చు.

"నీకే ఒక మోపెడ్ తయారుచేసిస్తా ఉండు" అని పెళ్లయిన కొత్తలో మాట ఇచ్చాడు. పాత సామాన్లు కొని తెచ్చాడు కూడా. ఆ మోపెడ్ ఇంజను మిద్దె మీద గోనెసంచిలో, చక్రాలు మెట్ల కింద, ట్యాంకు కోళ్లగంప పక్కన ఉండేవి. నా పిల్లలు పెరిగి పెద్దవాళ్లవుతున్నారు గానీ ఆ మూడూ ఒకచోట చేరలేదు. అడిగితే "ఆదివారం కూసుంటా" అనేవాడు. మా ఇంట్లో ఆ ఆదివారం రానేలేదు.

చివరికి వేసవి సెలవులకు ముందు ఒకరోజు బడి గేటు దగ్గర కమిటీ పెద్దాయన నిలబడి ఉన్నాడు. నా కోసమే.

"అమ్మా, నువ్వు బాగా సెప్తావు, పిల్లోళ్లకు నువ్వంటే పానం. కానీ ప్రార్థనకు టీచరు ల్యాకుంటే ఊర్లో నన్ను అడుగుతాండారు. ఈ తూరికి నీ పేరు రాసినాం, మళ్లా రాయాలంటే వచ్చే ఏడంతా టయానికి రావాల. ఇంక నీ ఇష్టం."

కోపంగా అని ఉంటే నేనూ నాలుగు మాటలు అనేదాన్ని. మర్యాదగా చెప్పాడు, సరేనని తలూపి లోపలికి పోయాను. ఆ పని పోతే మళ్లీ షాపుకొచ్చేవాళ్లకు టీలు పెట్టుకుంటూ వెనకింట్లో కూర్చోవాలి.

ఆ సెలవుల్లో కుప్పంలో మా చెల్లెలింటికి పోయాను. బస్టాండుకు అది ఒక బండి వేసుకొచ్చింది. నేను వెనకెక్కి కూర్చుని, ఎంతకూ చప్పుడు రాకపోయేసరికి "ఏమే, స్టార్టు కాలేదా?" అన్నాను. "అయ్యే ఉండాది కదక్కా" అంటూ అది చేయి తిప్పింది. బండి ముందుకు దూకింది. నేను దాని నడుము పట్టుకుని వేసిన కేకకు కుప్పం బస్టాండు మొత్తం తిరిగి చూసింది. లైసెన్సు అక్కర్లేదంట, నంబరు ప్లేటు అక్కర్లేదంట, సెల్‌ఫోనుకు పెట్టినట్టు రాత్రి ఛార్జింగు పెడితే చాలంట. ఆ వారమంతా వాళ్ల సందులో ఆ బండి నేనే తోలాను. ఒకసారి గోడకు గుద్దాను కూడా, అది మా చెల్లెలికి ఇప్పటికీ చెప్పలేదు.

చీటీ పాట పాడి మదనపల్లె షోరూములో బండి కొన్నాను. "ఒక్క ఛార్జింగుతో పుంగనూరు పోయి మళ్లా రావచ్చు మేడమ్" అన్నాడు అమ్మే ఆయన. ఇంటికి తోలుకొస్తుంటే సైకిలు తొక్కే కాలేజీ పిల్లలు నన్ను దాటుకుని పోయారు. పోతే పోనీ అనుకున్నాను. జీవితంలో మొదటిసారి ఎవరి నడుమూ పట్టుకోకుండా రోడ్డు మీద పోతున్నాను, నాకు అదే విమానం.

వీధిలోకి రాగానే పక్కన పంక్చర్ షాపు భాయ్ లేచి నిలబడ్డాడు. "ఏం భాభీ, మా అన్న నోట్లో మట్టి కొట్టేసినావే!" అన్నాడు. "మీ అన్న వైద్యం ఊరికి భాయ్, ఇంట్లోవాళ్లకు కాదు" అన్నాను. మా ఆయన అప్పుడు తలెత్తాడు. ఒక్క చూపు చూసి, "చప్పుడే ల్యాదు, ఇదేం బండి? నా షాపులో దీన్ని పెట్టొద్దు" అని మళ్లీ కార్బొరేటర్‌లో మునిగిపోయాడు. సరేనని నేను దాన్ని నడవలో రుబ్బురోలు పక్కన పెట్టుకున్నాను.

బండి కొన్నాక కరెంటు పోయే వేళలు నాకు ఎక్కాల్లా నోటికొచ్చాయి. అవి మాటిమాటికీ మార్చేవాళ్లు. అన్నం తింటుండగా కరెంటు వస్తే ఎంగిలి చేత్తోనే పరుగెత్తి ప్లగ్గు పెట్టేదాన్ని. దారిలో ఒక మిట్ట ఉంది. దాన్ని ఎక్కేటప్పుడు నా బండి ముసలి ఎద్దులా ఆలోచించుకుంటూ ఎక్కేది. ఏదైతేనేం, ప్రార్థన గంట నేనే కొట్టేదాన్ని. "టీచర్, దీనికి నోరు ల్యాదా?" అని పిల్లలు చుట్టూ మూగేవాళ్లు. కమిటీ పెద్దాయన ఎదురుపడితే తలూపి నవ్వేవాడు. పెట్రోలు బంకు ముందు నుంచి పోతున్నప్పుడల్లా నాకు ఎంత గర్వమో చెప్పలేను.

మా ఆయన మాత్రం ఆ బండి గురించి ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. సాయంత్రం నేను వచ్చేసరికి షాపు గడపలో నిలబడి ఉండేవాడు. నన్ను చూడగానే ముఖం చిట్లించి లోపలికి పోయేవాడు. నా సంతోషం చూసి ఓర్వలేకపోతున్నాడని నేనూ మూతి తిప్పుకుని పోయేదాన్ని.

ఆ ఏడు టమోటా ధర పడిపోయింది. మదనపల్లె మార్కెట్టుకు తోలితే బాడుగ కూడా రాదని, పల్లెలో రైతులు కాయలు అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ పంచిపెడుతున్నారు. ఒక సాయంత్రం బడి వదిలాక ఒక పిల్లవాడి తల్లి సంచి నిండా టమోటాలు తెచ్చి బండిలో నా కాళ్ల దగ్గర పెట్టింది. ఆమెను చూసి ఇంకొకామె తెచ్చింది. వద్దంటే నొచ్చుకుంటారు. మూడో ఆమె టమోటాలు తేలేదు, "దావలోనే కదమ్మా మా అక్కోళ్ల ఊరు, దించేసి పో" అని తానే వెనకెక్కి కూర్చుంది. ముందు రాత్రి ఛార్జింగు సగంలో కరెంటు పోయిందని నాకు తెలుసు. పొద్దున ఇంత అయింది, ఇప్పుడు ఇంత అవుతుంది, ఇంకా మిగులుతుంది అని లెక్క వేసుకున్నాను. పిల్లలకు దూరం లెక్కలు నేర్పే నేను, బరువునూ మిట్టనూ లెక్కలోనే వేయలేదు.

ఆమెను దించి మిట్ట సగం ఎక్కానో లేదో బండి ఆగిపోయింది. పెట్రోలు బండి చచ్చే ముందు దగ్గుతుంది, కొట్టుకుంటుంది. ఇది ఒక్క మాట చెప్పకుండా ఆగింది. దిగి తోశాను. టమోటాలతో సహా తోయడం నా వల్ల కాలేదు. సెల్‌ఫోను ఇంటికంతా ఒక్కటే, అది షాపులో ఉంటుంది. పొద్దు కుంకుతోంది. నాకు ఏడుపొచ్చింది. రేపు ఎలా పోవాలి? ఇదే రేపు పొద్దున జరిగితే కమిటీకి ఏం చెప్పాలి?

అప్పుడు దూరంగా ఒక బండి శబ్దం వినిపించింది. ఎవరిదో చూడకుండానే తెలిసింది. అన్నేళ్లు ఆయన పక్కన బతికితే నాకూ చెవులొచ్చినట్టున్నాయి.

మా ఆయన వచ్చి ఆపి, నన్నూ సంచుల్నీ మార్చి మార్చి చూశాడు.

"యాల ఈడ నిలబడుండావు?"

"గాలికి."

"ఊరందరికీ శకునం సెప్పే బల్లి కుడితి తొట్లో పడిందంట. లెక్కల టీచరమ్మా, సంతకు పోతాండావా?"

"ఇంకో మాటన్నావంటే టమోటా ఇసిరేస్తా సూడు" అన్నాను.

ఆయన నవ్వాడు. ఆగిపోయిన బండి పక్కన ఇంకో బండి తోలుతూ, దాని సైలెన్సర్ మీద కాలు పెట్టి తోసుకుంటూ పోవడం మా వైపు అందరికీ అలవాటే. ఆయన అలాగే కాలు చాచాడు, కింద వెతికాడు, వంగి చూశాడు. "కాలు పెట్టేదానికి సైలెన్సర్ కూడా ల్యాదు కదే దీనికి!" అన్నాడు. చివరికి వెనక కూర్చునేవాళ్లు కాలు పెట్టుకునే చోట ఆనించి తోశాడు. నా బండి కదిలింది.

మిట్ట పైదాకా తోసుకొచ్చాడు. తర్వాత అన్నాడు. "ఈ బండంటే నాకు కోపం యాలనో తెల్సునా?"

"తెల్సులే, నీ పొట్ట కొడతాదని."

"పొట్ట కాదే. ఊర్లో ఎవురు వస్తాండేదీ నాకు తెలస్తాది. నువ్వు వస్తాండావో, యాడన్నా పడిపోయినావో మాత్రం తెలీదు. మాపటేళ చేతిలో పని పెట్టుకోని ఈదిలోకి సూస్తా ఉంటా. చప్పుడే రాదు."

గడపలో నిలబడింది అందుకా అనుకున్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. "ముందు సూసి తోలు" అన్నాడాయన.

మరుసటి రోజే మిట్ట కింద టీ అంగడాయనతో ఆయనే మాట్లాడి వచ్చాడు. ఆ అంగడాయన మోపెడ్‌కు మా ఆయన ఊరికే పని చేసిపెట్టాలి, నా బండికి ఛార్జింగు తక్కువ పడిన రోజు ఆ అంగట్లో కాసేపు ప్లగ్గు పెట్టుకోవచ్చు. నా వంతుకు నేను ఒక అలవాటు చేసుకున్నాను. సాయంత్రం వీధి మలుపు తిరగగానే హారన్ కొట్టేదాన్ని. గడపలో నిలబడటం ఆగిపోయింది. నేను వచ్చేసరికి ఆయన పనిలో ఉండేవాడు, తలెత్తేవాడు కూడా కాదు. నాకు అదే హాయిగా ఉండేది.

ఏడాది చివరికొచ్చింది. ఇంకో రెండు వారాల్లో కమిటీ కూర్చుని పేర్లు రాస్తుంది. ఒక సాయంత్రం అన్నం పెడుతుంటే మా ఆయన అన్నాడు. "నీ హారన్ గొంతు మారిపోయింది. బ్యాటరీలు అయిపోతాండాయి." నేను నమ్మలేదు. మూడోనాడు టీ అంగడి దాకా కూడా రాలేక బండి చతికిలపడింది. బడికి ఆలస్యమైంది. కొత్త బ్యాటరీల ధర కనుక్కుంటే తల తిరిగింది. ఏడాదంతా పెట్రోలు ఆదా అయిందని మురిసిపోయానే, ఆ మిగులంతా ఒక్కసారే మింగేస్తాయి. ఇంట్లో అంత లేదు. ఇంక చాలు, నా రాత ఇంతే అనుకున్నాను.

మరుసటి రోజు నేను నడిచీ, ఎవరినో అడిగి ఎక్కీ, బడికి పోయి వచ్చేసరికి నడవలో నా బండి సీటు విప్పి ఉంది. మా ఆయన చేతులు తుడుచుకుంటూ లేచాడు. లోపల కొత్త బ్యాటరీలు. మదనపల్లె పోయి తన బండి మీద మోసుకొచ్చాడు. తన షాపులో దీన్ని పెట్టొద్దన్న మనిషి.

డబ్బు ఎక్కడిదని అడిగితే చెప్పలేదు. ఆరేసిన బట్టలు తేవడానికి మిద్దె ఎక్కాను. గోనెసంచి లేదు. దిగి చూస్తే మెట్ల కింద చక్రాలు లేవు, కోళ్లగంప పక్కన ట్యాంకు లేదు.

"నా మోపెడ్ యాడ?" అన్నాను.

"అది ఎప్పటికి కావాల? నువ్వు పోవాల్సింది రేపు పొద్దన్నే కదా" అన్నాడు, నా వైపు చూడకుండా.

మరుసటి పొద్దున గంట నేనే కొట్టాను, ఆ తర్వాత ఒక్కరోజు కూడా తప్పలేదు. నడుమ పడిన ఆ ఆలస్యాన్ని పట్టించుకోకుండా కమిటీ నా పేరు రాసింది. ఆ సాయంత్రం వీధి మలుపులో హారన్ మీద చేయి పెట్టి తీయలేదు. పంక్చర్ షాపు భాయ్ చెవులు మూసుకున్నాడు. మా షాపు లోపల నుంచి, ఎవరిదో ఇంజను కింద నుంచి, మా ఆయన గొంతు వచ్చింది.

"ఇనబడిందిలేవే! పేరు రాసినారు కదా? లోపలికి రా."