ముప్పై ఐదు రాని ఆటగాళ్లు

పోయిన నెల ఆష్టి బస్టాండులో గడ్చిరోలి బస్సు కోసం కూర్చుని ఉంటే, ఒక యువకుడు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. తలమీద నల్లటోపీ. దాని ముందు తెల్లదారంతో కుట్టిన రెండు ఇంగ్లీషు అక్షరాలు ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఉన్నాయి. అది ఏ ఆటకు చెందిన జట్టు గుర్తో నాకు తెలుసు. ఊరుకోలేక అడిగాను. "ఆట గీట ఏం లేదు కాకా, ఎండకు పెట్టుకున్న," అన్నాడు. అతన్ని అనడానికేం లేదు. సిరోంచ నుంచి ఆష్టి దాకా ఉన్న ఊళ్లలో బేస్‌బాల్ లెక్కలు తెలిసినవాళ్లు నాకు తెలిసి ఇద్దరే. ఒకడు నా తమ్ముడు, రెండోవాణ్ని నేను. మేము కూడా ఆ ఆటను కళ్లారా చూసింది లేదు. బంతి బరువెంతో తెలియదు, బ్యాటు పట్టుకుంటే ఎట్లా ఉంటుందో తెలియదు. కంప్యూటర్లో పన్నెండుమంది ఆటగాళ్లను పుట్టించాం. అందులో పదకొండుమందిని మా చేతులతోనే తీసేశాం.

నేను ఏడో తరగతితో బడి మానేసినవాణ్ని. అయినా అంకెలంటే చిన్నప్పటి నుంచీ ఒక మోజు. ఆ మోజు చూసే కావచ్చు, ప్రాణహిత ఒడ్డున నీటిమట్టం రాసే పని నాకు దొరికింది. ఒడ్డు పొడుగునా మెట్టుమెట్టుగా పాతిన కొలబద్దలు, వాటిమీద మీటర్లు, సెంటీమీటర్లు. మామూలు రోజుల్లో పూటకొకసారి, వానాకాలంలో గంటగంటకూ చూసి రాయాలి. సగటు తీయడం, నీరు గంటకు ఎంత ఎక్కుతుందో చూసి సాయంత్రానికి ఎక్కడుంటుందో చెప్పడం నాకు ఎవరూ నేర్పలేదు. రాస్తూ రాస్తూ నేనే కనిపెట్టుకున్నాను. ఇంట్లో ఏ లెక్కకైనా నా దగ్గరకే వచ్చేవాళ్లు. పెళ్లికి ఎన్ని కిలోల పప్పు, వరి నాటుకు ఎంతమంది కూలీలు, పరీక్షకు ఇంకా ఎన్ని రోజులు, అన్నీ నన్నే అడిగేవాళ్లు. "మా అన్న లెక్క తప్పది" అని తమ్ముడు బయట చెప్పుకునేవాడు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా నాకు సంతోషంగా ఉండేది. అలాంటి మాట మోయడం ఎంత కష్టమో అప్పటికి తెలియదు.

తమ్ముడు నాకంటే పన్నెండేళ్లు చిన్న. పరుగులో వాణ్ని మించినవాడు మా తాలూకాలో ఉండేవాడు కాదు. తెల్లారకముందే లేచి అంకిస రోడ్డు మీద పది కిలోమీటర్లు ఉరికి వచ్చేవాడు. చిన్నప్పటి నుంచీ వాడికి ఒకటే కోరిక, పోలీసు భర్తీలో ఎక్కాలని. మూడుసార్లు వెళ్లాడు. మూడుసార్లూ పేరు రాలేదు. మూడోసారి తిరిగి వచ్చిన రోజు వాడు అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉన్నాడు, తినడం లేదు. వాణ్ని ఓదార్చాలనుకుని నేను లెక్క చెప్పాను. "మూడుసార్లు పోయినవ్. మూడుసార్లు సున్నా. సగటు తీస్తే సున్నానే గదరా. ఇగ చాలు." నా భార్య నా వైపు ఒక చూపు చూసి, వాడి కంచంలో చారు పోసింది. వాడు తలూపాడు. ఆ మర్నాటి నుంచి అంకిస రోడ్డు మీద ఉరకడం మానేశాడు.

తమ్ముడు టైపింగ్ పని పెట్టుకుంటానంటే చంద్రపూర్ నుంచి పాత కంప్యూటరు ఒకటి తెచ్చి ముందుగదిలో పెట్టాం. తహసీలు కచేరీకి వచ్చేవాళ్ల దరఖాస్తులన్నీ మరాఠీలో కొట్టి ఇచ్చేవాడు. కంప్యూటరుతో పాటు ఆటలు నింపిన సీడీ ఒకటి వచ్చింది. అందులో క్రికెట్ ఉంటుందని ఆశపడ్డాడు గానీ లేదు. బ్యాటూ బంతీ కనిపించే ఆట ఒక్క బేస్‌బాలే. అందులో కెరీర్ అని ఒకటి ఉండేది. మనమే ఒక ఆటగాణ్ని తయారుచేయాలి. ఎత్తెంత, ఎడమచేయా కుడిచేయా, బలానికి ఎన్ని పాయింట్లు, ఉరుకుడుకు ఎన్ని, చూపుకు ఎన్ని, అన్నీ మనమే పంచాలి. వాడు పంతొమ్మిదేళ్లకు చిన్న జట్టులో చేరతాడు. బాగా ఆడితే పెద్ద జట్టువాళ్లు పిలుస్తారు. ఏడాదికేడాది వయసు పెరుగుతుంది, ముప్పై దాటాక కాళ్లు మెత్తబడతాయి, ఒకరోజు ఆట మానేస్తాడు. లోడ్‌షెడ్డింగ్‌లో కరెంటు ఎప్పుడు పోతుందో గోడమీద రాసి పెట్టుకుని, ఉన్న గంటల్లో దరఖాస్తులు, దరఖాస్తులు లేనప్పుడు ఆట. తమ్ముడు మీటలు నొక్కేవాడు. నేను నది దగ్గర నుంచి వచ్చి, తడి చెప్పులు గడప బయట విడిచి, పక్కన కూర్చుని అంకెలు చూసేవాణ్ని.

మొదట ఆ అంకెలు అర్థం కాలేదు. ఆటగాడి పేరు పక్కన ఒక చుక్క, దాని తర్వాత మూడు అంకెలు. ఇన్నింగ్స్‌కు పావు పరుగా అని నవ్వుకున్నాం. నేను నాలుగు రోజులు కాగితం మీద రాసి, కూడి, భాగించి తేల్చాను. బంతిని కొట్టి మొదటి మూలకు క్షేమంగా చేరితే ఒక దెబ్బ. వందసార్లు నిలబడితే ఎన్ని దెబ్బలో చెప్పేదే ఆ అంకె. మా మొదటివాడిది ఇరవై ఆరు. అక్కడే నేను ఆగిపోయాను. మా దగ్గర బడికి పోయినవాడెవడైనా అక్కడే ఆగుతాడు. పదో తరగతి పరీక్షలో ముప్పై ఐదు వస్తేనే పాసు. ఇరవై ఆరు అంటే ఫెయిలు. "వీడు పాస్ గాడురా," అన్నాను. తమ్ముడు ఒప్పుకున్నాడు. అన్న లెక్క తప్పదు కదా. ఒక నియమం పెట్టాను. రెండు సీజన్లు చూడాలి, అప్పటికీ ముప్పై ఐదు దాటకపోతే వాణ్ని చెరిపేసి కొత్తవాణ్ని చేయాలి.

అట్లా ఒకరి తర్వాత ఒకరిని చెరిపేశాం. ఇరవై ఎనిమిది, ఇరవై నాలుగు, ముప్పై. నా భార్య కూరగాయలు తరుగుతూ అడిగేది. "ఇయ్యాల ఎవ్వన్ని ఇంటికి పంపిన్రు?" ఇంకొక రోజు, "మీ ఇద్దరి కొలువుల ఒక్కడన్న నిలబడతడా?" అంది. ఏడోవాడు తమ్ముడికి బాగా నచ్చాడు. పొట్టిగా ఉండేవాడు, ఎడమచేతివాటం, బలం తక్కువ, ఉరుకుడు ఎక్కువ. బంతి నేల మీద దొర్లినా చాలు, వాడు మొదటి మూలకు చేరిపోయేవాడు. రెండో సీజను చివరికి ముప్పై రెండుకు ఒక్క పిసరు తక్కువ.

"అన్నా, వీన్ని జర ఉండనియ్యే," అన్నాడు తమ్ముడు.

"మూడు మార్కులు తక్కువ."

"మంచిగ ఉరుకుతుండు గదా."

"ఉరుకుతే ఏంది? లెక్క లెక్కే."

వాడు చాలాసేపు తెర వైపు చూసి, మీట నొక్కాడు. ఆ పూట ఇంకొక ఆటగాణ్ని చేయలేదు. బయటకు వెళ్లి సైకిలు కడిగాడు. కడిగిన సైకిలునే మళ్లీ కడిగాడు.

ఆ వానాకాలం మధ్యలో ఒక మధ్యాహ్నం. పదకొండోవాణ్ని కూడా తీసేశాం. పన్నెండోవాణ్ని చేయబోతూ తమ్ముడు పొరపాటున ఎప్పుడూ తెరవని ఒక పేజీ తెరిచాడు. మొత్తం లీగులో ఉన్న ఆటగాళ్లందరి పట్టిక అది, పైనుంచి కిందికి. మూసేయబోతుంటే నేను ఆపాను. పట్టిక కనిపిస్తే చదవకుండా ఉండలేను. మొట్టమొదటివాడిది ముప్పై మూడున్నర. రెండోవాడిది ముప్పై రెండు దాటింది. మూడోవాడిది ముప్పై రెండు లోపు. కిందికి పోతూ ఉంటే తగ్గుతూనే ఉంది. ముప్పై జట్లలో అందరివీ కలిపి నేను సగటు తీశాను. ఇరవై ఆరు వచ్చింది. మేము మొదటిరోజే ఫెయిలు చేసినవాడి అంకె.

"ముప్పై ఐదు ఎవ్వనికి వచ్చింది?" అన్నాను.

"ఎవ్వనికి రాలే అన్నా."

"పోయిన సీజన్ల?"

వాడు చూశాడు. "అప్పుడు గూడ రాలే."

ఏడోవాడు ఉండి ఉంటే ఆ పట్టికలో మూడో పేరు వాడిదే. ఆ మాట వాడూ అనలేదు, నేనూ అనలేదు. నాకు మాత్రం ఆటగాడి కంటే వేరే లెక్క మనసులో తిరగడం మొదలైంది. పాసు, ఫెయిలు అని చెప్పానే గానీ, పక్కవాడికి ఎంత వచ్చిందో ఎప్పుడైనా అడిగానా?

"భర్తీల ఆఖరుకు తీసుకున్నోనికి, నీకు ఎంత ఫరక్ వచ్చిందిరా?" అని అడిగాను.

వాడు తెర వైపే చూస్తూ చెప్పాడు. "మొదటిసారి తొమ్మిది మార్కులు. రెండోసారి ఐదు. మూడోసారి రెండు."

"మరి నాకు చెప్పలేదేంది?"

"నువ్వు అడగలే గదా."

తొమ్మిది, ఐదు, రెండు. నది అట్లా దిగుతూ ఉంటే ఎప్పటికి అడుగు చేరుతుందో పడుకుని కూడా చెప్పగలను. సొంత తమ్ముడి విషయంలో మూడు సున్నాలు రాసుకుని కూర్చున్నాను. కొత్త భర్తీ ఫారం వాడి దగ్గరే, టైపింగ్ కాగితాల అడుగున ఉంది. ఎవరికోసమో తెచ్చి తనకూ ఒకటి ఉంచుకున్నాడట. వాడి వయసు హద్దు ఆ ఏడాదితో దాటిపోతుంది. ఫారం గడ్చిరోలిలో చేతికి ఇవ్వాలి. ఆఖరు రోజు మర్నాడే, సాయంత్రం ఐదు గంటల వరకు. "నేను తప్పు చెప్పిన, నువ్వు పోవాలె," అన్నాను. వాడు నమ్మలేనట్టు చూశాడు. నా నోట ఆ మాట అంతకుముందు వాడు విని ఉండడు. నా భార్య వంటింట్లోంచి, "మీ అన్న ఇయ్యాల మనిషైండు," అని, రొట్టెల పిండి కలపడానికి పోయింది.

పొద్దున మొదటి బస్సు ఎక్కాం. నది పని ఇంకొకరికి అప్పగించి నేను కూడా వెళ్లాను. రాత్రంతా అడవిలో వాన కురిసింది. ఆలపల్లికి ఇవతల ఒక వాగు రోడ్డు మీదికి వచ్చి బస్సు ఆగిపోయింది. ఎనిమిదిన్నర. నీళ్లు ఎర్రగా, చెక్కపేళ్లు మోసుకుంటూ పోతున్నాయి. నేను ఒక కర్రకు చాకుతో గాట్లు పెట్టి ఒడ్డున గుచ్చాను. అరగంటకు ఒక వేలు తగ్గింది. ఇంకో అరగంటకు అరవేలు. బస్సు పోవాలంటే మోకాలి కిందికి రావాలి. కాగితం అక్కర్లేకుండానే తెలిసిపోయింది, సాయంత్రం అయితే గానీ రాదు. "ఎంత తగ్గింది అన్నా?" అని తమ్ముడు అడిగాడు. "తగ్గుతుంది," అన్నాను. అంకె చెప్పకుండా జవాబు చెప్పడం నాకు అదే మొదలు. వాడికీ అర్థమైంది.

పది గంటలకు ఒక ట్రాక్టరు వచ్చింది. నడిపేవాడు చుట్టుపక్కలవాడే, వాగు తెలిసినవాడు. అవతల వేరే బస్సు దొరుకుతుంది, రండి అని పిలిచాడు. నలుగురు ఎక్కారు. తమ్ముడు ఫారాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి చొక్కా లోపల దోపుకుని, ఒక కాలు ట్రాలీ మీద పెట్టి, నా వైపు తిరిగాడు. నీళ్లు చక్రం నడిమికి వచ్చేటట్టున్నాయి. వాగు వేగం చూశాను. పదిసార్లు పోతే ఒకసారి ట్రాలీ తిరగబడుతుందనిపించింది. ఆ ఒక్కసారి ఇదే అయితే ఎట్లా అని ఇంకొకటి అనిపించింది.

"దిగురా," అన్నాను.

వాడు దిగాడు. ట్రాక్టరు మెల్లగా నీళ్లలోకి దిగింది, నడుమ ఒకసారి పక్కకు జరిగినట్టయింది, అవతల ఒడ్డు ఎక్కింది. నలుగురూ దిగి, ప్యాంట్లు పిండుకుని నడుచుకుంటూ వెళ్లిపోయారు. వాళ్లు రోడ్డు మలుపు తిరిగేదాకా తమ్ముడు చూస్తూ నిలబడ్డాడు. తర్వాత రాయి మీద కూర్చుని, వదిన కట్టిచ్చిన రొట్టెలు విప్పి, సగం నాకు పెట్టాడు. వాగు నాలుగున్నరకు దిగింది. డ్రైవరు మమ్మల్ని అడిగాడు, ముందుకా వెనక్కా అని. తమ్ముడే చెప్పాడు, వెనక్కని.

ఆ ఒక్క లెక్క ఎన్నిసార్లు తిరగేసి చూసుకున్నానో. ట్రాక్టరు క్షేమంగా చేరిందంటే నేను తప్పని కాదు. తొమ్మిదిసార్లు చేరుతుందన్నది కూడా నా లెక్కలోనే ఉంది. అయినా ఒప్పులా కూడా లేదు. భర్తీకి మళ్లీ వెళ్లే వయసు వాడికి లేకుండా పోయింది. ఇంటికి వచ్చిన వారం తర్వాత వాడు పన్నెండో ఆటగాణ్ని చేశాడు. నేను పక్కన కూర్చున్నాను గానీ నోరు తెరవలేదు. ఆ ఆటగాడు మొదటి ఏడాది ఇరవై రెండు కొట్టాడు, అయినా తమ్ముడు వాణ్ని ఉంచాడు. మరుసటి ఏడాది గాయమై సగం సీజను కూర్చున్నాడు, అప్పుడూ ఉంచాడు. ఆటగాడు ముప్పై నాలుగేళ్లకు నెమ్మదించాడు, ముప్పై తొమ్మిదికి ఆట మానేశాడు. తెర మీద వాడి మొత్తం అంకె వచ్చింది, ఇరవై ఏడుకు కాస్త పైన. తమ్ముడు అది చదివి, "మంచిగ ఆడిండు," అన్నాడు. ఇప్పుడు వాడికి సిరోంచలో సొంత దుకాణం ఉంది, పిల్లలున్నారు. నన్ను ఇప్పటికీ లెక్కలు అడుగుతాడు, నేను చెప్తాను. ఆ వాగు మాట మాత్రం ఇద్దరం ఎత్తం. పన్నెండోవాడి ఇరవై ఏళ్లు మా ముందుగదిలో ఒక్క వానాకాలంలో గడిచిపోయాయి. వాగు ఒడ్డున కూర్చున్న ఆ ఎనిమిది గంటలు ఎన్నేళ్లయినా నాకు ఇంకా పూర్తిగా గడవలేదు.