రెండోది అంటే ఏది?

మా మావయ్య దేన్నీ వరస నంబరుతో పిలవడు. మొదటిది, రెండోది అన్న మాటలు వింటే ఆయనకు ఒళ్లు మండుతుంది. ప్రతిదానికీ ఒక పుట్టుమచ్చ ఉంటుందనీ, దాన్ని బట్టే గుర్తుపట్టాలనీ ఆయన వాదన. ముప్పై ఏళ్లు కంప్యూటర్లు బాగుచేశాక పట్టుకున్న జబ్బు ఇది.

"చిన్నోడు ఫోన్ చేశాడండీ" అంటుంది అత్తయ్య.

"ఏ చిన్నోడు? కనుబొమ మీద గాటున్నవాడా?"

"మనకున్నదే ఇద్దరు."

"ఇద్దరున్నప్పుడే పొరపాటు జరిగేది."

పళ్ల డాక్టరు దగ్గర "మూడో నంబరు రండి" అంటే లేవలేదు. ముందున్న ఇద్దరూ విసిగి వెళ్లిపోయారు కాబట్టి మూడోవాడు తాను కాదట. వెనకున్న గళ్లచొక్కా ఆయన్ని లోపలికి పంపి, తన పంటినొప్పితో తాను ఇంటికొచ్చాడు.

ఆయన కొట్లో రసీదులు రాసేదాన్ని నేను. ఒకరోజు ఎంబ్రాయిడరీ కొట్టు నడిపే తోడికోడళ్లలో పెద్దావిడ కంప్యూటర్ మోయించుకొచ్చింది.

"ఒకరోజు లేస్తుంది, ఒకరోజు మొరాయిస్తుంది అన్నయ్యగారూ."

మావయ్య మూత విప్పాడు. లోపల రెండు డిస్కులు. 'మొదటి డిస్కు నుంచి లేవాలి' అని ఎవరో కంప్యూటర్ సెట్టింగుల్లో రాసిపెట్టారు. ఆన్ చేసినప్పుడు ఏది ముందు పలికితే అది మొదటిదైపోతోంది. తప్పుడుది ముందు పలికిన రోజు తెర నల్లగా ఉండిపోతోంది. మావయ్య ఆ మాట కొట్టేసి, అసలు లేవాల్సిన డిస్కుకు, దాన్ని మొదట సిద్ధం చేసినప్పుడే పడే, ఇంకే డిస్కుకూ ఉండని పొడుగాటి గుర్తు రాశాడు. ఆయన పుట్టుమచ్చ అనేది దాన్నే. పదిసార్లు ఆపి వేస్తే పదిసార్లూ లేచింది.

"పనిలో పనిగా ఆ రెండో డిస్కు తుడిచేయండి" అందావిడ.

"అందులో ఏమున్నాయమ్మా?"

"మా తోడికోడలు చిన్నదాని డిజైన్లు. ఆరేళ్లు నా కొట్లో కూర్చుని గీసింది. ఇప్పుడు మాటా మాటా అనుకున్నామని వేరే కొట్టు పెడుతోంది. ఖాళీ డిస్కు పట్టుకుపోనీండి."

"ఇంకెక్కడా కాపీ లేదా?"

"లేదు. అందుకేగా తుడవమంటున్నా."

మావయ్య తల గోక్కున్నాడు. "రెండోది అంటే ఏది?"

"రెండోదంటే రెండోదే."

"పొద్దున అదే మొదటిది. రేపేమవుతుందో దానికే తెలీదు. మీవి పోతే నన్నంటారు."

"తెరిచి చూసుకోండి."

"నా కంటికి పువ్వులన్నీ ఒక్కలాగే ఉంటాయి. గీసినావిడ వచ్చి ఇవి నావి అనాలి. మీరు అవుననాలి."

ఆవిడ నావైపు తిరిగింది. "ఈయనకేమైనా పిచ్చా?"

"ఉందండీ" అన్నాను.

మూడు రోజులు వచ్చి అడిగింది. మూడు రోజులూ అదే ప్రశ్న. నాలుగోనాడు చిన్నావిడను వెంటబెట్టుకొచ్చింది. ఇద్దరూ చెరో గోడ చూస్తూ కూర్చున్నారు. మావయ్య ఒక్కొక్క డిజైనే తెరిచాడు.

"ఈ తీగ ఎవరిది?"

"నాది" అన్నారు ఇద్దరూ.

"ఆకులు నావి, మొగ్గలు అక్కవి" అని సర్దింది చిన్నావిడ.

"మొగ్గ వంకరపోయిందని నేను తీసేయబోతే ఉంచమంది నువ్వేగా."

"ఉంచబట్టేగా నలభైమంది అడిగి కుట్టించుకున్నారు."

పెద్దావిడ నవ్వు ఆపుకోబోయి ఆపుకోలేకపోయింది. ఆ తర్వాత డిజైన్లు చూపించడానికి మావయ్య అక్కర్లేకపోయింది. మౌస్‌ను వాళ్లిద్దరే ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కున్నారు.

"ఇంతకీ ఏది తుడవను?" అన్నాడాయన గంట తర్వాత.

"ఏదీ వద్దు. వీటన్నిటికీ ఒక కాపీ తీసివ్వండి. వేరే కొట్టు పెట్టుకుంటే పెట్టుకోనీండి, ఉత్త చేతులతో ఎందుకు పోవాలి?" అంది పెద్దావిడ.

వాళ్లు వెళ్లాక రసీదు కోసం మావయ్య పని పుస్తకం తెరిచాను. కంప్యూటర్ వచ్చిననాటి పేజీలో ఇంకో డిస్కు పొడుగాటి గుర్తు, పక్కనే ఆయన గుండ్రటి రాత: 'చిన్నావిడ డిజైన్లు. ముట్టుకోకూడదు.'

"మావయ్యా, నీకు మొదటిరోజే తెలుసా?"

"మొదటిరోజంటే ఏ రోజు?" అన్నాడు, స్క్రూలు ఏరుకుంటూ.