పై చేను, కింది ఫ్యాను

మా వైపు అన్నదమ్ములు విడిపోయేటప్పుడు పెద్దవాడు భాగాలు చేస్తాడు, చిన్నవాడు ముందు కోరుకుంటాడు. ఎమ్మిగనూరుకూ నందవరానికీ మధ్య ఉన్న మా పొలంలో, వంకకు అడ్డంగా మామ కట్టించిన చిన్న ఆనకట్ట ఉంది. మా ఆయన వాళ్ల అన్న పొలాన్ని రెండు భాగాలు చేసి నిలబడగానే, నేను మా ఆయన్ను మోచేత్తో పొడిచి మరీ కట్ట పక్కనున్న పై చేను అడిగించాను. అక్కడైతే నీళ్లు ముందు మనకే అనుకున్నాను. కింద పల్లంలో రాళ్ల నేల వాళ్లకు పోయింది. ఆ రోజు నవ్వుకుంటూ ఇంటికి వచ్చాను.

ఆ పల్లమే వాళ్లకు కలిసొచ్చింది. కట్ట అడుగు నుంచి పైపు దించి, ఆదోని మెకానిక్‌ను పిలిపించి, దాని చివర కరెంటు పుట్టించే చిన్న మిషను బిగించుకున్నారు. నీళ్లు ఎత్తు నుంచి దూకితేనే అది తిరుగుతుందట. మా పై చేనికి ఆ ఎత్తు ఎక్కడిది? పైగా మిషను తిప్పిన నీళ్లు నేరుగా వాళ్ల జొన్నలోకే పోతాయి. మా చేనికి నీళ్లు వదిలే తూము కట్టలో పైభాగాన ఉంది, నీళ్లు దానికంటే దిగితే మాకు చుక్క రాదు. అందుకని తూముకు కాస్త పైన రాయి మీద సున్నంతో గీత గీశారు. నీళ్లు గీతకు దిగితే మిషను ఆపాలని ఒప్పందం.

ఊళ్లో కరెంటు పోయినా నా తోడికోడలి ఇంట్లో ఫ్యాను తిరిగేది. అది చూస్తే నాకు కడుపు మండేది. మా దగ్గరే ఉండే అత్తమ్మ బట్టలు మూట కట్టుకున్న రోజు ఇంకా మండింది.

"ఈడ ఉక్కకు పానం పోతాంది. ఆడ గాలన్నా వస్తాది, పోతాండానమ్మా" అంది.

కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆమెకు వేడి వేడి రొట్టె కొట్టి పెట్టింది నేను. ఫ్యాను రెక్కల కోసం నన్ను వదిలేసిందని కుళ్లిపోయాను.

ఈ ఎండాకాలం ఉల్లిగడ్డ ఊరే వేళకు నీళ్లు గీతకు దగ్గరపడ్డాయి. రోజూ కట్ట ఎక్కి చూసేదాన్ని. ఉల్లికి ఇంకో తడి కావాలన్నది నిజమే. కానీ మిషను ఆగితే ఊళ్లో కరెంటు పోయినప్పుడు వాళ్ల ఫ్యానూ ఆగుతుంది, ఫ్యాను ఆగితే అత్తమ్మ తిరిగి వస్తుంది. నాకు అదీ కావాలి.

ఒక పొద్దున తోడికోడలే వచ్చింది.

"గీత దాకా యాడ సూస్తావు సెల్లీ, వాల్వు కట్టేసినాను. ముందు గడ్డ ఊరనీ. గాలి లేకుంటే సచ్చిపోతామా మేము" అంది.

అడగకుండానే ఇచ్చేసింది. తిట్టుకోవడానికి కూడా ఏమీ మిగల్చలేదని ఒళ్లు మండింది.

తూము ఎత్తి తడి పెట్టుకున్నాం. మధ్యాహ్నం ఇల్లు ఊడ్చి, అత్తమ్మ మంచం వాల్చి, కుండలో నీళ్లు నింపి కూర్చున్నాను. అనుకున్నట్టే కరెంటు పోయింది. ఆమె మాత్రం రాలేదు. ఉండబట్టలేక నేనే పల్లంలోకి దిగాను.

ఫ్యాను ఆగే ఉంది. అత్తమ్మ దాని కిందే పడుకుంది. తోడికోడలు పక్కన కూర్చుని అట్టముక్కతో విసురుతోంది.

"ఈడ గాలి లేదు కదా అత్తమ్మా, పోదాం రా" అన్నాను.

"గాలిదేముందిలేమ్మా. ఈడనే ఉంటా" అంది, పెద్ద కోడలి ఒళ్లోంచి చెయ్యి తీయకుండా.

ఉల్లి మాత్రం బాగా ఊరింది. చేను చూసినవాళ్లంతా నా అదృష్టానికి కుళ్లుకున్నారు.