సీలు వేసిన పరుపుల కొట్టు

దివాలా తీసిన పరుపుల కొట్టులో కోర్టు అమీనా పద్ధతి ప్రకారం సరుకు లెక్క రాసుకుని, షట్టరు దించి, తాళం పెట్టి, లక్కతో సీలు వేశాడు. పరుపులు నలభై ఒకటి, దిళ్ళు నూట ఆరు. అప్పులవాళ్ళ తరఫున సరుకు చూడ్డానికొచ్చి, గుట్ట వెనక నలభై ఒకటో పరుపు మీద పడుకున్న మా బాబాయిని మాత్రం జాబితాలో రాయలేదు.

మా బాబాయి వకీలు. ముప్ఫయ్యేళ్ళుగా అప్పిచ్చినవాళ్ళ తరఫునే వాదిస్తున్నాడు. అలాంటి వకీలంటే కళ్ళెర్రజేసే మనిషిని ఊహించుకుంటారు జనం. ఈయనేమో బాకీ సంగతి ఎత్తేముందు బాకీదారుడి మోకాళ్ళ నొప్పి సంగతి అడుగుతాడు. ఉన్న బలహీనతల్లా కునుకే. పిన్ని సాధిస్తే, "అప్పిచ్చినవాళ్ళకి ఎలాగూ నిద్ర పట్టదే, వాళ్ళ వంతూ నేనే పడుకుంటున్నా" అంటాడు.

ఆ మధ్యాహ్నం మెలకువ వచ్చేసరికి పై కిటికీలోంచి సన్నని వెలుగు చార దిగుతోందట. అందులో దూది నలకలు పైకి పోదామా కిందికి దిగుదామా తేల్చుకోలేక తేలుతున్నాయట. చప్పుడన్నది లేదు. తాను పోయాననుకున్నాడు. పోవడం ఇంత మెత్తగా ఉంటుందని తెలియక ఇన్నాళ్ళూ అనవసరంగా భయపడ్డానే అనుకుని, రెండో పక్కకు ఒత్తిగిల్లాడు. జేబులో కాగితం గరగరలాడింది.

అది ఓ రిటైరైన నర్సమ్మ క్లెయిము. ఉద్యోగం దిగిపోయినప్పుడు వచ్చిన డబ్బంతా ఆవిడ ఈ కొట్టుకే అప్పిచ్చింది. ఆరోజు ఐదింటిలోగా ఆ కాగితం దివాలా ఆఫీసులో పడకపోతే పంపకంలో ఆవిడకు పైసా రాదు. అప్పటికి నాలుగుంపావు.

షట్టరు దబదబా బాదాడు.

"ఎవరూ?" అంది కొట్టు యజమాని గొంతు. ఎటు పోవాలో తోచక మెట్ల మీదే కూర్చుండిపోయాడు పాపం.

"నేనేనయ్యా, నీ మీద కేసేసిన వకీల్ని."

"లోపలేం చేస్తున్నారు సార్?"

"నీ పరుపు బాగుందయ్యా."

"మంచి దూదండీ అది" అన్నాడతను. "సీలు తియ్యాలంటే జడ్జిగారు చెప్పాలి. అమీనా దగ్గరికి వెళ్ళనా?"

"నా సంగతి తర్వాత. ముందు ఈ కాగితం దివాలా ఆఫీసులో ఇచ్చి ముద్ర వేయించుకురా."

షట్టరు కింది సందులోంచి కాగితం బయటికి జారింది. అతను దాన్ని చివరిదాకా చదివినట్టున్నాడు. తర్వాత చెప్పుల టపటప, పరుగందుకున్నట్టు.

సీలు తీసే ఆర్డరు వచ్చేసరికి ఆరున్నర. షట్టరు లేవగానే యజమాని రసీదు చేతికిచ్చాడు. ముద్ర పడిన సమయం నాలుగూ యాభై రెండు. వెనకే, సంగతి తెలిసి ఆయాసపడుతూ వచ్చిన నర్సమ్మ.

"ఏంటి వకీలుగారూ, నా డబ్బు ఎగ్గొట్టినాయన చేతికే నా కాగితమిచ్చి పంపుతారా? చింపి పారేసుంటే నా గతేంటి?"

బాబాయి జుట్టులో దూది దులుపుకున్నాడు.

"చింపేసే మనిషైతే మీరు అప్పిచ్చేవారే కాదు కదమ్మా."