కందికొత్త నాటి పొగ

చాలా ఏళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. వార్తలు రాసి బతికినవాణ్ని. ఊళ్లోవాళ్ల తప్పులు పేర్లతో సహా రాశాను. నాది మాత్రం రాయలేదు. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

తొంభైల్లో కురుపాంలో ఒక దినపత్రికకు విలేకరిగా ఉండేవాణ్ని. ఇంట్లో పాటలు వినడానికి ఒక ఆంప్లిఫయరు, రెండు స్పీకర్లు కొనుక్కున్నాను. దాని జబ్బులన్నీ నాకు తెలుసని పేరు. గుర్రుమని మోత వస్తే ఎర్తింగు చూసుకోమని, ఒక పక్క మోగకపోతే స్పీకరు వైర్లు అటుదిటు మార్చి చూడమని, ఫ్యూజు పోతే ఎందుకు పోయిందో తెలిసేదాకా మళ్లీ వేయొద్దని, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పేవాణ్ని.

గుమ్మలక్ష్మీపురం పైన కొండల్లో ఒక ఊరివాళ్లు కందికొత్త పండక్కి ఆ పెట్టె తెమ్మన్నారు. ఆ పూజ అయ్యేదాకా అక్కడ కొత్త కందికాయ ఎవరూ నోట పెట్టరు. పూజలో పాట ఎత్తేది పారమ్మ. ఆమె మొదలుపెట్టాకే మిగతా ఆడవాళ్లు గొంతు కలపాలి.

మధ్యాహ్నం వైర్లు కలిపి, మైకు పెట్టి, స్విచ్చి వేశాను. కాసేపు మోగి ఆగిపోయింది. ఫ్యూజు మాడింది. పారమ్మ వంగి చూసింది.

"ఏటి బాబూ, నీ పెట్టికి పొద్దున్న అంబలి పొయ్యలేదేటి?"

అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకు తగిలింది. వేరే ఫ్యూజు లేదు. వోల్టేజి ఎగిరిపడుతోందని బల్బు చూస్తేనే తెలుస్తోంది. ఆపేయాలి. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు. సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం చించి, మాడిన ఫ్యూజుకు చుట్టి, ఎవరూ చూడకుండా బిగించాను. పెట్టె మోగింది.

పారమ్మ పాట ఎత్తింది. తరవాతది ఎలా చెప్పాలి? ఆ గొంతు లోయ దాటి, ఎదుటి కొండకు తగిలి, తిరిగి వచ్చింది. ఆమె ఆగింది. తన గొంతే, కాస్త ఆలస్యంగా, తనకంటే ఎంతో పెద్దదెవరో పాడినట్టు వినబడుతోంది. డప్పులు ఆగాయి. ఆమె కొండవైపు తిరిగి, అది పాడేదాకా ఉండి, దానికి జవాబిస్తున్నట్టు తరవాతి చరణం అందుకుంది. మనిషీ కొండా వంతులు వేసుకుని పాడటం నేను అంతకు ముందు వినలేదు. తరవాతా వినలేదు. పెన్ను తీయాలని కూడా తోచలేదు.

అప్పుడు కాలిన వాసన వచ్చింది. పెట్టె వెనక నుంచి పొగ లేచింది.

ఊరి పూజలు చేసే జన్నోడు లేచి నిలబడ్డాడు.

"ఎవులో కొత్త కాయ ముట్టినారు. సెప్పండి."

నేను చెప్పాల్సిన క్షణం అదే. నోరు తెరిచానా? లేదు. పారమ్మ లేచింది.

"నానే. మనవరాలు గుంట ఆకలికి ఏడిసింది. నాలుగు కాయలు ఒలిసి పెట్టినాను."

"పాట ఎత్తేదానివి, నువ్వే ఇలాగ సేత్తే ఏటమ్మా?"

ఇక పూజలో పాట ఎత్తకూడదన్నారు. పారమ్మ తల ఊపింది. చేసిన పని చేశానని ఊరందరి ఎదుట ఒక్క గుక్కలో చెప్పిన మనిషిని అంత దగ్గరగా చూడటం నాకదే మొదలు. చూస్తూ ఉండిపోయాను. అది ఆశ్చర్యమా, పిరికితనమా? ఆ రెంటినీ ఇప్పటికీ విడదీయలేను.

ఇంటికొచ్చి పెట్టె విప్పాను. లోపల ట్రాన్స్‌ఫార్మరు మాడి నల్లబడింది. ముందే మాడి కరెంటు ఆపాల్సిన ఫ్యూజు మీద నేను చుట్టిన వెండి కాగితం చెక్కుచెదరలేదు. మర్నాడు ఒక వార్త పంపాను. యంత్రం చెడితే దేవుడి కోపమనుకునే అమాయకుల గురించి. ఫ్యూజు సంగతి అందులో లేదు. వార్త బాగుందన్నారు.

రెండు వేల సంవత్సరం దాటాక వేరే పని మీద ఆ ఊరు వెళ్లాను. పారమ్మ వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. చెప్పేద్దామనే పక్కన కూర్చున్నాను.

"నీ పెట్టి బాగయినాదా బాబూ? నా వల్లే కదా పాడయిపోనాది," అంది.

"బాగయిందమ్మా," అన్నాను.

అన్నేళ్లూ ఆమె నా పెట్టె కోసం బాధపడింది. ఇప్పుడు పాట ఎవరు ఎత్తుతున్నారని అడిగాను. చెల్లెలి కూతురట. ఇంట్లో కూర్చోబెట్టి తనే నేర్పిందట. పూజనాడు తాను వెనక వరసలో, పెదవి కదపకుండా కూర్చుంటుందట. ఆ చెప్పడంలో ఎక్కడా నిష్ఠూరం లేదు. నేను లేచి వచ్చేశాను.

కాయల తప్పు ఎలాగూ ఉంది కదా, నేను చెప్పినా ఒరిగేదేమిటని చాలాకాలం నాకు నేను నచ్చచెప్పుకున్నాను. అబద్ధం. పొగ లేవకపోతే ఎవరూ అడిగేవారే కాదు. పారమ్మ ఇప్పుడు ఉందో లేదో కనుక్కోలేదు. ఉందని తెలిస్తే వెళ్లాలి కదా. నేను ఇక్కడ రాసింది ఆ కొండ ఎక్కదని నాకు తెలుసు. అయినా ఆ పొగ ఆమె వల్ల లేవలేదని, నా వల్లేనని ఒక్కచోటైనా రాశాను. గుండెల్లో కాస్త గాలి ఆడుతోంది.