సంత్ర రంగు పడవ

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. మట్టెవాడలో గుడ్డల కొట్టు నాది. వేళ్లతో నలిపి చూడనిదే దేన్నీ ఒప్పుకోని బతుకు. అయినా పందొమ్మిది వందల అరవైల మొదట్లో ఒక శ్రావణమాసంలో, పాకాల చెరువు మీద నాకు జరిగింది మాత్రం ఏ గజంబద్దకూ అందలేదు.

మా మామగారి పొలం చెరువు అవతలి ఒడ్డున ఉండేది. దాటడానికి రెండు చిన్న పడవలు చేయించి, అల్లుళ్లిద్దరినీ చెరొకదానికి రంగు వేయించమన్నారు. నేను పెద్దల్లుణ్ని. చిన్నల్లుడిది కాజీపేటలో రైలు కొలువు. అతడు భోజనానికి కూర్చుంటే అత్తగారి చేతిలో నెయ్యి గిన్నె దానంతటదే వంగేది. నా విస్తరి దగ్గరికి వచ్చేసరికి దానికి నడుం నొప్పి పట్టుకునేది.

నా పడవకు బూడిద కలిసిన పచ్చరంగు వేయించాను, మాపుకు ఆగుతుందని, మరక పడ్డా కనబడదని. కొట్టుకు వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పే మాటే అది. అతడేమో నిగనిగలాడే సంత్ర పండు రంగు, అదే నారింజ రంగు వేయించాడు.

“గిదేం రంగు తమ్మీ, పెండ్లి బ్యాండోళ్ల లెక్క?” అన్నాను.

“నీళ్ల మీద దూరంకెల్లి కనవడాలె అన్నా. నీ పడవ చెరువుల కలిసిపోతాంది.”

అందరూ నవ్వారు. మా ఆవిడ కూడా. ఆ నవ్వే ఎక్కువ మండింది.

ఆ శ్రావణంలోనే ఒక మధ్యాహ్నం ఒక్కణ్నే తెడ్డు వేసుకుంటూ పొలం నుంచి వస్తున్నాను. నడి చెరువులో గాలీ వానా కలిసి కొట్టాయి. పడవ తిరగబడింది. దాన్నే పట్టుకుని వేలాడాను. ఒడ్డున మా ఆవిడ ఎర్రచీర మసకగా కనబడుతోంది. నేను ఆమెకు కనబడటం లేదు. అరుపును గాలి మింగేసింది. మరక కనబడకూడదనుకున్నాను, మనిషే కనబడకుండా పోయాడు.

పట్టు తప్పుతుండగా చేపలు పట్టేవాళ్ల పడవ సూటిగా నా దగ్గరికే వచ్చింది. నన్ను లోపలికి లాగిన పెద్దాయన చుట్టూ చూశాడు.

“సంత్ర రంగు పడవేదయ్యా? నీ పక్కపొంటే ఉండె గద! దాన్ని చూసే వచ్చినం.”

నా పక్కన నీళ్లు తప్ప ఏమీ లేవు. ఒడ్డు చేరాక మా ఆవిడా అదే మాట చెప్పింది. “మరిది పడవ నడిమిట్ల నిలవడ్డది. జర అటు పోండ్రని ఒడ్డుకు దగ్గర్ల ఉన్న వీళ్లకు నేనే మొత్తుకున్న.”

చిన్నల్లుడు ఆ రోజు కాజీపేటలో డ్యూటీలో ఉన్నాడు. అతని పడవ మామగారి కొట్టంలో బోర్లించి ఉంది. పొద్దున్నే అడుగుకు తారు పూశారు. తడిబట్టలతోనే వెళ్లి చూశాను. ఎక్కడా గీత లేదు, నీటిచుక్క లేదు. వేలు పెడితే తారు అంటుకుంది.

వానలో వెలుగు చేసిన మాయ అనుకుందామంటే, ఇద్దరు రెండు చోట్ల నుంచి ఒకే పడవను చూశారు. నేను ఉండీ కనబడలేదు. అది లేకుండానే కనబడింది. ఎట్లాగో ఇప్పటికీ చెప్పలేను.

తర్వాత నా పడవకూ సంత్ర రంగే వేయించాను. దాన్ని దూరం నుంచి చూడగానే అత్తగారు లేచి నిలబడి, “చిన్నల్లుడు వస్తాండు!” అని సంబరపడేవారు.